రెండక్షరాలు... 300 జీబీ!

ఇంట్లో కంప్యూటర్లో ఫొటో పొరపాటున తీసేస్తే రీసైకిల్‌ బిన్‌లో వెతుక్కోవచ్చు. వెబ్‌సైట్లను నడిపే లైనక్స్‌ సర్వర్ల దగ్గర ఆ మొహమాటాలేం ఉండవు. నల్లటి తెరమీద ‘ఆర్‌ఎం’ అని కొడితే ‘తీసెయ్‌’ అని అర్థం. పక్కన ‘ఆర్‌ఎఫ్‌’ తగిలిస్తే ఫోల్డర్లకు ఫోల్డర్లే మాయం. ‘నిజంగానే తీసెయ్యనా’ అని అడగను కూడా అడగదు!

ప్రోగ్రామర్లు తమ కోడ్‌ దాచుకునే గిట్‌ల్యాబ్‌ సంస్థలో 2017 జనవరి 31 రాత్రి జరిగిందదే. డేటాబేస్‌ సర్వర్లు రెండు. ఒకటి అసలుది, రెండోది దాని నకలు. మొరాయిస్తున్న నకలును ఖాళీ చేద్దామని ఓ ఇంజినీరు ఆ ఆదేశమిచ్చాడు. ఒకట్రెండు సెకన్లకు చూసుకుంటే... తానున్నది అసలు సర్వర్లో! ఆపేసరికి 300 జీబీలో మిగిలింది నాలుగున్నర.

బ్యాకప్‌లు లేవా అంటే, పేరుకు ఉన్నాయి. రోజూ కాపీలు తీయాల్సిన ప్రోగ్రామ్‌ వెర్షన్‌ తేడా వల్ల పనే చేయడం లేదు. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. చివరికి గట్టెక్కించింది, ఆరు గంటల ముందు వేరే పనికోసం అదే ఇంజినీరు తీసిపెట్టుకున్న కాపీ! దాన్ని తిరిగి ఎక్కించడాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు కూడా. కోడ్‌ భద్రమే. ఆ ఆరు గంటల్లో రాసిన దాదాపు 5,000 వ్యాఖ్యలూ, కొత్తగా తెరిచిన 700 ఖాతాలూ మాత్రం పోయాయి.

తర్వాత రాసుకున్న పనుల జాబితాలో ఒకటి... తెరమీద అసలు సర్వర్‌కు ఎరుపు రంగు, పరీక్షలకు వాడేదానికి పసుపు.