బిడ్డ చేతిలో బొమ్మ, బిడ్డ నోట మాట

మేముండేది కుప్పం దగ్గర. దక్షిణానికి కాస్త దూరం పోతే తమిళనాడు, వాయవ్యానికి పోతే కర్ణాటక. మా వైపు సంతకు వెళ్ళిన మనిషి ఒకే పూటలో మూడు భాషల్లో బేరమాడి ఇంటికి వస్తాడు. ఇలాంటి చోట పెళ్ళి సంబంధాలు కూడా భాష దాటి కుదురుతుంటాయి. మా ఇల్లూ అలాంటిదే. మాది తెలుగు, మా ఇంటావిడ పుట్టిల్లు గుడియాత్తం, అక్కడ ఇంటి భాష తమిళం. పిల్లలకు బడిలో ఇంగ్లీషు.

ఇలాంటి ఇళ్ళలో తల్లిదండ్రులకు రెండు దిగుళ్ళుంటాయి. ఒకటి, ఇన్ని భాషల మధ్య బిడ్డ తికమకపడతాడేమోనని. రెండోది, పట్నం పిల్లలకున్న అందమైన ఆటవస్తువులు మన బిడ్డకు లేవేనని. ఈ రెండింటి విషయంలోనూ మేమొకసారి పొరపాటుపడ్డాం. మీ ఇంట అలా జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము చేసిన పొరపాటు

మా పెద్దవాడికి మూడేళ్ళప్పుడు వాడి మాటల్లో తెలుగూ తమిళమూ కలిసి వచ్చేవి. "అమ్మా, తణ్ణి కావాలి" అనేవాడు. బడిలో చేర్చినప్పుడు అక్కడి టీచరమ్మ, "ఇంట్లో తమిళం మానెయ్యండి, పిల్లవాడికి అన్నీ కలగాపులగం అవుతున్నాయి" అన్నారు. చదువుకున్నావిడ చెప్పింది గదా అని ఆ రోజునుంచే మానేశాం. తమిళం పోయిన చోట ఇంగ్లీషైనా వస్తుందని, టౌనులో బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ టెలిఫోను ఒకటి కొన్నాం. మీట నొక్కితే చాలు, ఏ బి సి డి అని అదే పాడుతుంది. పిల్లవాడు నొక్కుతాడు, అది మాట్లాడుతుంది. పనులు చేసుకోవడానికి తీరిక దొరికిందని మేమూ సంతోషించాం.

రెండేళ్ళు గడిచాయి. అత్తగారు పండక్కి వచ్చారు. మనవణ్ణి దగ్గరికి పిలిచి ఏదో అడిగారు. వాడు తల్లి చీర వెనక దాక్కుని, "పాట్టి ఏమంటోందమ్మా?" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఉన్న నాలుగు రోజులూ వాడి తల నిమురుతూ కూర్చున్నారు. మాటలు కలగాపులగం అవుతాయని భయపడ్డాం గాని, అసలు మాటే తెగిపోతుందని మాకు తోచలేదు.

కలగలుపు రోగం కాదు

తర్వాత చదివి, తెలిసినవారిని అడిగి నేర్చుకున్నదేమిటంటే, రెండు భాషల ఇంట్లో పెరిగే బిడ్డ మాటలు కలపడం సహజం. ఒక భాషలో మాట వెంటనే అందకపోతే రెండో భాషలోది తెచ్చి పెడతాడు. పెద్దవాళ్ళం మనం "బస్సు లేటయింది" అనడం లేదూ? అలాంటి బిడ్డకు ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టాలంటే రెండు భాషల మాటలనూ కలిపి లెక్కించాలి. అప్పుడు తోటి పిల్లలకంటే వెనకబడి లేడని తెలుస్తుంది. అయితే ఏడాదిన్నర దాటినా ఒక్క మాటైనా రాకపోయినా, పిలిస్తే తల తిప్పకపోయినా, ఆ నేరం భాషల మీదికి నెట్టకుండా డాక్టరుకు చూపించి చెవులు పరీక్ష చేయించాలి.

ఇదేమీ నేటి మాట కాదు. జూల్ రోంజా అనే ఫ్రెంచి భాషావేత్త 1913లోనే తన కొడుకు లూయీ మాటలు నేర్చిన తీరును పుస్తకంగా ప్రచురించాడు. తండ్రిది ఫ్రెంచి, తల్లిది జర్మన్. మారిస్ గ్రామాఁ అనే మరో పండితుడి సలహా మీద తండ్రి బిడ్డతో ఫ్రెంచిలోనే, తల్లి జర్మన్‌లోనే మాట్లాడుతూ వచ్చారు. బిడ్డకు రెండూ చక్కగా వచ్చాయి. అంత కట్టుదిట్టంగా అందరిళ్ళలోనూ సాగదు. అత్తమామలు, ఇరుగుపొరుగు ఉన్న మన ఇళ్ళలో మరీ కష్టం. కాని ఎవరి భాషలో వారు బిడ్డతో మనసారా మాట్లాడాలన్న మూలసూత్రం మనకూ పనికొస్తుంది.

పెట్టెలోని లక్కపిడతలు

మా చిన్నది పుట్టేటప్పటికి మాకు కాస్త బుద్ధి వచ్చింది. ఆ పిల్లకు రెండేళ్ళు దాటి మూడు నడుస్తుండగా అత్తగారు పాత చీరలో చుట్టిన మూట ఒకటి తెచ్చారు. విప్పితే లక్కపిడతలు. మా ఇంటావిడ చిన్నప్పుడు ఆడుకున్నవే. తమిళంలో చొప్పు సామాన్ అంటారట. పిడికెడంత కుండ, బొటనవేలంత గరిటె, రోలు, రోకలి, చేట, పొయ్యి. రంగు కొంత మాసింది గాని నునుపు పోలేదు.

అవ్వా మనవరాలూ అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ కుండను చూపి "పానై" అంటే, ఇటునుంచి మా అమ్మ "కుండ" అనేది. ఆవిడ "కరండి" అంటే ఈవిడ "గరిటె". ఆవిడ "ఉరల్" అంటే ఈవిడ "రోలు". పాప ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి నవ్వేది. పది రోజులు తిరిగేసరికి, అవ్వకు అన్నం వడ్డిస్తే తమిళంలో, నాయనమ్మకు వడ్డిస్తే తెలుగులో పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ బొమ్మలకు నోరు లేదు గనుకనే ఇంట్లోవాళ్ళు నోరు విప్పారు. టెలిఫోను తానే వాగి మా అందరి నోళ్ళూ కట్టేసింది.

మంచి వస్తువంటే ఏమిటి?

డిజైన్ అనే మాట వినగానే పెద్ద షాపులు, పెద్ద ధరలు గుర్తొస్తాయి. అయితే 1958లో భారత ప్రభుత్వం కోరిక మీద మన దేశమంతా తిరిగి చూసిన ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు తమ నివేదికలో ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. ఎన్ని నీళ్ళు పడతాయి, చేతికి ఎలా అమరుతుంది, వంచినప్పుడు ఎలా తూగుతుంది అని తరతరాలుగా చూసుకుంటూ వచ్చినందువల్ల ఆ రూపం కుదిరిందని వారి భావం. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. చెంబును చూసిన ఆ కంటితోనే బిడ్డ ఆటవస్తువునూ చూడవచ్చు. చేతికి అమరుతుందా? నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా? పడితే పగులుతుందా? దానితో బిడ్డ ఒంటరిగా ఆడతాడా, ఇంకొకరిని పిలుస్తాడా?

ఇలా చూస్తే మన రాష్ట్రంలోనే మంచి సరుకుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడివారు మెత్తని అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపునుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజలనుంచి నారింజ, నీలిమందునుంచి నీలం తీస్తారు. చెట్ల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలూ ఈ కర్రవే. మనం అంకుడు అనే చెట్టును కన్నడిగులు ఆలె మర అంటారు, తమిళులు వెట్పాలై అంటారు. చెట్టొకటే, పేర్లు మూడు. మా ఇల్లు కూడా అంతే గదా అనుకున్నాం.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసినవి. ముక్కలను చింతగింజల జిగురుతో అతికి రంగులు వేస్తారు. ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు వంటివి ఐదారేళ్ళ పిల్లలతో కథలు అల్లుకోవడానికి బాగుంటాయి గాని, ప్రతిదీ నోట్లో పెట్టుకునే పసివాళ్ళకు ఇవ్వరాదు.

కొనేటప్పుడు జాగ్రత్తలు కొన్ని మరవకండి. మూడేళ్ళలోపు బిడ్డకు నోట్లో పూర్తిగా పట్టే చిన్న ముక్కలేవీ ఇవ్వవద్దు. లక్కపిడతల్లోని బుల్లి గరిటెలను మేమూ అప్పట్లో తీసి దాచి, పెద్దవాళ్ళు దగ్గర కూర్చున్నప్పుడే ఇచ్చేవాళ్ళం. బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఉన్న వస్తువైతే దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. ఆ బిళ్ళ మింగితే గొంతు లోపల కాలిపోతుంది, ప్రాణానికే ముప్పు. ఫ్యాక్టరీ ఆటవస్తువులకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. సంతలో కొనేటప్పుడు ఆ గుర్తు అడగండి.

డబ్బు లేనివారు చిన్నబోనక్కర్లేదు. తాటాకు బుడబుడక, మట్టి ఎద్దు, అమ్మ పాత చీర ముక్కలతో కుట్టిన గుడ్డబొమ్మ ఏ షాపు సరుక్కూ తీసిపోవు. పుస్తకాల విషయానికొస్తే, నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తక్కువ ధరకే అనేక భాషల్లో దొరుకుతాయి. ఒకే బొమ్మల పుస్తకాన్ని తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి కొని నాన్న ఒకటి, అమ్మ ఒకటి చదివి వినిపించవచ్చు. చెన్నైలోని తూలిక ప్రచురణలవారు ఒకే పేజీలో రెండు భాషలుండే పుస్తకాలు వేస్తున్నారు.

ఇంకా ఆలస్యం కాలేదు

అత్తగారికి ఇప్పుడు ఒంట్లో బాగుండడం లేదు, మంచం మీదే ఉంటున్నారు. మొన్న అందరం గుడియాత్తం వెళ్ళాం. తొమ్మిదేళ్ళ మా చిన్నది మంచం పట్టె మీద కూర్చుని అవ్వతో గలగలా మాట్లాడుతూనే ఉంది. పదిహేడేళ్ళ మా పెద్దవాడు గుమ్మంలో నిలబడి నవ్వుతూ చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు తల్లిని అడిగాడు. "అమ్మా, 'నేనూ నిన్ను తలుచుకుంటుంటాను' అని పాట్టితో ఎలా చెప్పాలి?" తల్లి చెప్పింది. ఊరు వచ్చేదాకా వాడు దాన్ని పెదవుల మీద తిప్పుకుంటూనే ఉన్నాడు.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, వాడితో తన భాషలో మాట్లాడడానికి సంకోచిస్తున్న పెద్దవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే ఈ సాయంకాలం వారి ఒళ్ళో బిడ్డనూ, బిడ్డ చేతిలో నోరులేని ఒక చిన్న బొమ్మనూ పెట్టి, మీరు కాసేపు పక్కకు తప్పుకోండి.