శివారు పొలానికి నీటిదారి

నదిలో నీరు సమృద్ధిగా ఉన్నంత మాత్రాన పొలం పండదు. ఆ నీరు ప్రధాన కాలువలో ప్రవేశించి, పిల్ల కాలువలను, పంట బోదెలను దాటి చిట్టచివరి మడిని తడిపినప్పుడే సేద్యం ఫలిస్తుంది. ఎగువన నిండుగా పారే కాలువ శివారు భూములను చేరేసరికి ఎందుకు సన్నగిల్లుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికే శాస్త్రీయ సాధనమే జలప్రవాహ నమూనా.

గోదావరి డెల్టా ఇందుకు చక్కని ఉదాహరణ. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తరువాతి కాలంలో దాని స్థానంలో వెలసిన బ్యారేజి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలోని సుమారు 10 లక్షల ఎకరాలకు ఆధారం. ఈ కాలువలలో నీటిని నడిపించేది నేల వాలు. సముద్రతీరం వైపు సాగేకొద్దీ ఆ వాలు అత్యల్పం. కనుక స్వల్పమైన అవరోధం కూడ ప్రవాహాన్ని మందగింపజేస్తుంది.

కాలువలో నీటి వేగం ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడుతుంది. అవి అడుగు వాలు, కాలువ ఆకృతి, దాని ఉపరితలపు గరుకుదనం. ఐర్లండుకు చెందిన ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రం ఈ మూడింటినీ ముడివేస్తుంది. శుభ్రమైన మట్టి కాలువకు గరుకు గుణకం సుమారు 0.025. కలుపు పెరిగితే అది 0.035కు చేరవచ్చు. అప్పుడు అదే లోతులో 100 క్యూసెక్కులు పారవలసిన చోట సుమారు 71 క్యూసెక్కులే పారుతాయి.

కథ అంతటితో ముగియదు. గుర్రపుడెక్క, పూడిక అడ్డుపడినచోట నీరు వెనుకకు ఎగదన్ని మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగినకొద్దీ ఎగువ తూములు తమ వాటాకు మించి నీటిని తీసుకుంటాయి. దిగువకు మిగిలేది మరింత తగ్గుతుంది. శివారు రైతు ఎగువ రైతును నిందిస్తాడు. దోషం మాత్రం కాలువ గర్భంలో దాగి ఉంటుంది. ఈ దాగిన కారణాన్ని బయటపెట్టడమే నమూనా చేసే మేలు.

నమూనాలు రెండు విధాలు. మొదటిది భౌతిక నమూనా. 1916లో ఆరంభమై, ప్రస్తుతం పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో ఉన్న పరిశోధనా కేంద్రం ఇటువంటి నమూనాలకు ప్రసిద్ధి. కాలువను 25వ వంతు పరిమాణంలో నిర్మిస్తే వేగం 5వ వంతుకు, ప్రవాహ పరిమాణం 3125వ వంతుకు తగ్గుతాయి. రెండవది గణిత నమూనా. ఇందులో కాలువను చిన్న చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలోని మట్టాన్ని, ప్రవాహాన్ని కంప్యూటరు లెక్కిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన సెయింట్ వెనాంట్ 1871లో ప్రకటించిన సమీకరణాలు దీనికి పునాది. లాకు తలుపు ఎత్తిన ఎన్ని గంటలకు నీరు చివరికి చేరుతుందో, పూడిక తీస్తే ఎంత మట్టం మారుతుందో ముందుగానే అంచనా వేయవచ్చు.

అయితే నమూనా నమ్మదగినది కావాలంటే కొలతలు నిజమైనవి కావాలి. కాగితంపై ఉన్న పాత కొలతలతో నేటి కాలువను లెక్కిస్తే ఫలితం తప్పుతుంది. గట్టు వెంట నడిచి మట్టాలు నమోదుచేసే లస్కరు శ్రమ, కంప్యూటరు గణన పరస్పరం సరిపోలినప్పుడే ఆ లెక్క చివరి మడి దాహం తీర్చగలుగుతుంది.