ఇంట్లో పాట రికార్డ్ చేస్తున్నారా? కంప్రెసర్ కంటే ముందు ఇది చూడండి

"అన్నా, నా గొంతుకి ఏ కంప్రెసర్ సెట్టింగ్ పెట్టాలి?" అని చాలామంది అడుగుతుంటారు. చెప్తాను. కానీ రికార్డింగ్‌లోనే గొంతు పగిలిపోతే, తర్వాత ఏ కంప్రెసర్ వేసినా అది బాగుపడదు. అందుకే వరసగా వెళ్దాం.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. కంప్రెషన్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఫైల్ సైజు తగ్గించడం, ఎంపీ3 చేసేది అదే. రెండోది గొంతులో హెచ్చుతగ్గుల్ని దగ్గరకి తేవడం. మన టాపిక్ రెండోది. మొదటిది రికార్డింగ్ టైమ్‌లో వద్దు. మీ యాప్‌లో ఉంటే వేవ్ ఫార్మాట్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. వీడియోలకి 48 స్టాండర్డ్, ఆడియో సీడీకైతే 44.1. ఒక గొంతు, ఒక మైక్ అయితే మోనో చాలు. నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ పడుతుంది, అంతే.

ఇప్పుడు గెయిన్. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైన్ ముందు పాడి చూడండి. మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. సున్నా దాటితే వేవ్ పైభాగం కట్ అయిపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. కోడింగ్ భాషలో చెప్పాలంటే, నంబర్ గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోయింది, అసలు విలువ ఎంతో ఇక తెలీదు. సౌండ్ తక్కువగా ఉందని కంగారు పడకండి, తర్వాత పెంచుకోవచ్చు. ఆటో గెయిన్ ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి. మీరు ఊపిరి తీసుకునే గ్యాప్‌లో అది ఫ్యాన్ శబ్దాన్ని పైకి లాగుతుంది.

ఇక కంప్రెసర్. థ్రెషోల్డ్ మైనస్ 15, రేషియో 3:1 పెట్టారనుకోండి. మీ గొంతు మైనస్ 6కి వెళ్లింది, అంటే థ్రెషోల్డ్‌కి 9 డెసిబెల్స్ పైన. ఆ 9 కాస్తా 3 అవుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గింది. అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 దగ్గర మొదలుపెట్టి, వింటూ మార్చుకోండి. అటాక్ మరీ ఫాస్ట్‌గా ఉంటే క, ట, ప లాంటి అక్షరాల పదును పోతుంది.

తగ్గిన 6 డెసిబెల్స్‌ని మేకప్ గెయిన్‌తో తిరిగి పెంచుతాం కదా, అక్కడే అసలు చిక్కు. గొంతుతో పాటు ఫ్యాన్, బయట బండ్ల హారన్ కూడా 6 డెసిబెల్స్ పెరుగుతాయి. అందుకే రికార్డింగ్‌కి ముందే ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, మైక్‌కి జానెడు దూరంలో పాడండి. చుట్టూ పరుపు, దుప్పట్లు ఉంటే గది మోత తగ్గుతుంది.

చివరిగా ఒక టెస్ట్. కంప్రెసర్ ఆన్, ఆఫ్ చేసి వినండి, కానీ రెండిటి వాల్యూమ్ సమానంగా పెట్టి వినండి. ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. మెల్లగా మొదలై పైకి వెళ్లే లైన్‌లో ఆ ఎక్కడం వినిపించకపోతే రేషియో తగ్గించండి, లేదా థ్రెషోల్డ్ పెంచండి. పాటలో భావం ఆ తేడాలోనే ఉంటుంది, దాన్ని చదును చేసేయకండి.

ఈరోజే ఒక్క చరణం ట్రై చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!