చిన్న గేమ్‌కు ఆడేవాళ్లు దొరికేదెలా?

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లోకి 2024లో 18,000కు పైగా కొత్త గేమ్‌లు వచ్చాయి. అంటే రోజుకు దాదాపు 50. 100 డాలర్లు కడితే ఎవరైనా తమ గేమ్‌ను అక్కడ అమ్మకానికి పెట్టవచ్చు. అయితే ఇద్దరు ముగ్గురు కలిసి ఏళ్ల తరబడి కష్టపడి చేసిన గేమ్ ఒకటుందని, ఇంత రద్దీలో ఆడేవాళ్లకు తెలిసేదెలా?

‘అమాంగ్ అస్’నే చూడండి. అంతరిక్ష నౌకలో తోటివాళ్ల మధ్య కలిసిపోయిన మోసగాణ్ని కనిపెట్టడమే ఆట. అమెరికాలోని ఇన్నర్‌స్లాత్ అనే అతి చిన్న బృందం 2018 జూన్‌లో దీన్ని ఫోన్లలోకి తెచ్చింది. మొదట్లో ఏ వేళ చూసినా ఆడేవారు పదుల్లోనే. కానీ ఆ కొద్దిమందీ ఇష్టంగా ఆడుతున్నారు. అందుకే బృందం గేమ్‌ను వదిలేయలేదు. అదే ఏడాది నవంబరులో స్టీమ్‌లో పెట్టింది, తర్వాత కొత్త మ్యాప్‌లు చేర్చింది. దక్షిణ కొరియా, బ్రెజిల్‌లలో ఆదరణ మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో, తాము ఆడే ఆటను ట్విచ్ అనే సైట్‌లో ప్రత్యక్షంగా చూపించే స్ట్రీమర్లు దాన్ని అందుకున్నారు. ఒకరినొకరు అనుమానించుకుంటూ, వాదించుకుంటూ సాగే ఆట కనుక, ఆడేవాళ్లకు ఎంత సరదాయో చూసేవాళ్లకూ అంతే. ఆ సెప్టెంబరులో స్టీమ్‌లోనే ఒకేసారి 4 లక్షల మందికి పైగా ఆడారు. బృందం అప్పటికే ప్రకటించిన రెండో భాగాన్ని రద్దు చేసుకుని, ఉన్న గేమ్‌నే మెరుగుపరచడానికి పూనుకుంది.

ఇలా రెండేళ్లు ఎదురుచూసే స్తోమత అందరికీ ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు విడుదలకు చాలా ముందే స్టీమ్‌లో గేమ్ పేజీ తెరుస్తారు. నచ్చినవాళ్లు దాన్ని విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకునేవాటి జాబితాలో చేర్చుకుంటే, విడుదల రోజున స్టీమే వాళ్లకు మెయిల్ పంపుతుంది. నెక్స్ట్ ఫెస్ట్ పేరిట జరిగే డెమోల పండుగలో రాబోయే గేమ్‌లను ఉచితంగా ఆడి చూడవచ్చు.

పేకాటలోని పోకర్‌ను కొత్త మలుపు తిప్పిన ‘బలాట్రో’ను ఒక్క వ్యక్తి రూపొందించాడు. విడుదలకు ముందే డెమో ఆడినవాళ్ల నోట దాని పేరు పాకింది. 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యాక నెల తిరిగేసరికి పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

మన దేశంలో పుణె బృందం నాడింగ్ హెడ్స్ దారి ఇంత సాఫీగా సాగలేదు. ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ కోసం 2017లో జనం నుంచి నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో డబ్బు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా పట్టు విడవలేదు. 2020లో గేమ్ విడుదలై, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి గేమ్ విభాగానికి నామినేట్ అయింది.

ఇందులో ఆడేవాళ్ల వంతూ పెద్దదే. కొన్నవాళ్లు రాసిన సమీక్షలు పదికి చేరితేనే స్టీమ్ ఒక గేమ్‌కు మొత్తం మీద ఎలాంటి స్పందన ఉందో పేజీలో చూపిస్తుంది. లక్షల్లో అమ్ముడయ్యే గేమ్‌కు ఆ పది లెక్కలోకే రావు. కొత్తగా వచ్చిన చిన్న బృందానికి మాత్రం, నచ్చిన గేమ్ గురించి ఒకరు రాసే రెండు వాక్యాలు అందులో పదో వంతు.