టెలివిజన్ తెర – చుక్కల లెక్క

ధాన్యము సొమ్ము చేతికందిన దినములలో మా నౌపడ ప్రాంతమున టెలివిజన్ కొనువారు అనేకులు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడిపించి, నాలుగుమారులు బేరమాడు రైతు, దీనిని మాత్రము అంగడివాని మాటపైననే కొనుచున్నాడు. హెచ్.డి. రెడీ, ఫుల్ హెచ్.డి., 4కె యను మూడు పేరుల నడుమ వేల రూపాయల భేదముండుట కలదు గాన, వాని యర్థమును వివరించుచున్నాము.

తెరపై బొమ్మ సన్నని చుక్కల కూర్పు. వీనినే పిక్సెళ్ళందురు. ఇవి మన ఉప్పుమళ్ళవలె అడ్డముగను నిలువుగను బారులు తీరియుండును. హెచ్.డి. రెడీ తెరలో సాధారణముగా 1366 × 768, అనగా సుమారు పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్.డి.లో 1920 × 1080, అనగా 20,73,600. 4కెలో 3840 × 2160, సుమారు 83 లక్షలు. చుక్కలు హెచ్చినంత మాత్రమున తెర పెరుగదు. ఎకరమును నాలుగు మళ్ళు చేసినను పదునారు చేసినను ఎకరము ఎకరమే.

ఆ సన్నదనము కంటికందవలెను గదా! ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణము వరకే రెండు చుక్కలను వేరుగా గుర్తింపగలదు. ఆరడుగుల దూరమున నది రమారమి అర మిల్లీమీటరు. 32 అంగుళముల హెచ్.డి. రెడీ తెరలో చుక్క వెడల్పు అంతియే. 43 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరలోను అంతియే. కావున గోడకు ఆరేడడుగుల దూరమున మంచముపై కూర్చుండి చూచు ఇంట ఈ రెండును చాలును. 55 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరలో చుక్క 0.63 మిల్లీమీటరు గనుక, ఏడడుగుల లోపల కూర్చుండువారికి 4కె వలన కొంత లాభము కలదు. ముందుగా ఇంట టేపుపట్టి దూరము కొలిచి, పిమ్మట అంగడికి పోవలెను.

అంతకంటె ముఖ్యమైనది ప్రసారము. సాధారణ ప్రసారమున చుక్కలు 720 × 576, అనగా నాలుగు లక్షల పదునైదు వేలకు మించవు. నెలరుసుము లేని డి.డి. ఫ్రీ డిష్ ఛానళ్ళు చాలవరకు ఈ తరగతివే. 83 లక్షల చుక్కల తెరపై దీనిని పెట్టినచో, కొరవడిన చుక్కలను యంత్రమే ఊహించి నింపును. పెద్ద తెరపై బొమ్మ అలికినట్లుండును. 1975–76లో ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు వ్యవసాయ పాఠములు చూపినది నలుపుతెలుపు తెరలపైననే సుమా!

ఇంటర్నెట్ ద్వారా 4కె సినిమాలు చూచువారి సంగతి వేరు. వారికి సెకనుకు 15 మొదలు 25 మెగాబిట్ల వేగము నిలకడగా నుండవలెను.

పెట్టెపై "4కె సపోర్ట్" అని యున్నంత మాత్రమున తెర 4కె కాదు. అట్టి ప్రసారమును గ్రహించి తగ్గించి చూపునని మాత్రమే దాని భావము కావచ్చును. "నేటివ్ రిజల్యూషన్" ఎంతయని యడిగి, ఆ యంకెను రసీదుపై వ్రాయించుకొనుడు. నక్షత్రముల చీటిపై ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలునో ముద్రించి యుండును; దానిని కూడ చూడుడు.