వీడియో పక్కనుండే చిన్న ఫైళ్లను తీసేయకండి

సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు వైపు రైతులు ఎల్బీనగర్‌లో బస్సు దిగి, పొలంలో తీసిన వీడియోలను దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గరికి ఎడిటింగ్‌కి తెస్తుంటారు. చాలామంది పెన్‌డ్రైవ్‌లో వీడియోలు మాత్రమే ఉంటాయి. పక్కనున్న చిన్న ఫైళ్లు "ఓపెన్ కావట్లేదు, చెత్త" అని వదిలేసి వస్తారు.

అవి చెత్త కాదండీ. పొలానికి పాసుపుస్తకం ఎలాగో, వీడియోకి అవి అలాగ.

ఏ ఫైల్ ఏంటి?

సోనీ కెమెరాలో సీ0001 అనే ఎంపీ4 వీడియో ఉంటే, దానికి సీ0001ఎం01 అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తీసిన తేదీ, టైము, కెమెరా మోడల్ కనపడతాయి. డీజేఐ డ్రోన్‌లో వీడియో క్యాప్షన్లు ఆన్ చేస్తే ఎస్ఆర్‌టీ ఫైల్ వస్తుంది. చాలా మోడళ్లలో అందులో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు ఉంటాయి. గోప్రోలో టీహెచ్‌ఎమ్ అంటే చిన్న బొమ్మ, ఎల్ఆర్‌వీ అంటే తక్కువ సైజు కాపీ. ఈ రెండూ పోయినా అసలు వీడియోకి నష్టం లేదు.

మనకెందుకు?

ప్రకృతి సేద్యంలో అంతా రోజుల లెక్కే. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలిపి 48 గంటలు పులియబెట్టాలని వీడియోలో చెప్తాం. కలిపిన రోజు క్లిప్, పారించిన రోజు క్లిప్ తారుమారైతే, చూసే రైతు ఆ తప్పు లెక్కే పట్టుకుని తన పొలంలో చేస్తాడు. కంప్యూటర్ చూపించే 'క్రియేటెడ్' తేదీని నమ్మలేం, అది కాపీ చేసిన రోజుది కావచ్చు.

మా దగ్గరి సంగతే చూడండి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి మారింది. అక్కడ మామిడి సీజన్‌లో తీసిన పాత వీడియోలను మళ్లీ తీయలేం. అవి ఏ ఏడాదివో తేల్చడానికి ఆ చిన్న ఫైలే పనికొస్తుంది.

ఏం చేయాలి?

1. షూటింగ్‌కి ముందే కెమెరా గడియారం సరిచూడండి. అది తప్పైతే ఫైల్లోనూ తప్పే.
2. కార్డులోని ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేయండి.
3. ఫైళ్ల పేర్లు మార్చొద్దు. పై ఫోల్డర్‌కి తేదీ, ఊరు, పంట పేరు పెట్టండి.
4. రెండు చోట్ల కాపీ పెట్టి, తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి.
5. ఎడిటింగ్‌కి వాట్సాప్‌లో వీడియోగా పంపొద్దు. క్వాలిటీ తగ్గుతుంది, పక్క ఫైళ్లూ రావు.
6. డ్రోన్ ఎస్ఆర్‌టీ ఫైల్ బయటివాళ్లకి ఇవ్వొద్దు. మీ పొలం ఎక్కడుందో అందులో ఉంటుంది.

నోట్‌ప్యాడ్‌లో తేదీ ఎక్కడ చూడాలో పై వీడియోలో చూపించాను. మీ కార్డు పక్కన పెట్టుకుని ఒకసారి చూడండి.