వేళను పట్టుకుంటే లీకు దొరుకుతుంది

బెంగళూరులోని బెళ్ళందూరులో తిరిగే బండి లోపల డీజిల్ వాసన వస్తే మొదటి అనుమానం బండి మీదికి పోదు. అక్కడి గాలికి ఉన్న పేరు అలాంటిది. 2015లో చెరువు మీది నురగే అంటుకుని మండింది. 2018 జనవరిలో చెరువులో పెరిగిన గడ్డికి నిప్పు పట్టుకుంటే సైనికులు దిగి ఆర్పాల్సి వచ్చింది. వీటికి తోడు ఔటర్ రింగు రోడ్డు మీద ఇబ్బలూరు నుంచి మారతహళ్ళి దాకా ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, కరెంటు పోగానే అపార్ట్‌మెంట్ల వెనక మొదలయ్యే జనరేటర్లు. అందుకే నీళ్ళ క్యాన్లు, కూరగాయలు, ఇల్లు మారేవాళ్ళ సామాన్లు మోసే పాత పికప్‌లలో ఈ వాసనను చాలాకాలం ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నాక జరిగేది కూడా చాలాసార్లు ఒకటే. మెకానిక్ బానెట్టో సీటో ఎత్తి, తడిగా కనిపించిన ఒక పైపు మారుస్తాడు, రెండు క్లిప్పులు బిగిస్తాడు. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ వాసన మొదలవుతుంది. లోపం మెకానిక్ పనితనంలో ఉండకపోవచ్చు, వెతికే వరుసలో ఉంది. వాసన ఎక్కణ్ణుంచి వస్తోందని వెతికే ముందు ఎప్పుడెప్పుడు వస్తోందో రాసిపెట్టుకోవాలి. చోటు విషయంలో ముక్కు మోసం చేస్తుంది, వేళ విషయంలో అంతగా చెయ్యదు.

ముక్కు ఎందుకు మోసపోతుందంటే, లీకైన చోటు వేరు, వాసన తగిలే చోటు వేరు. డీజిల్ ఆవిరైనా పెట్రోలు ఆవిరైనా గాలికంటే బరువు. అది పైకి లేవకుండా కిందికి జారి, ఫ్లోర్ మీద, సీటు కింద పేరుకుంటుంది. కాళ్ళ దగ్గర ఘాటుగా ఉందని పెడళ్ళ చుట్టూ వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. పైగా పరుగెత్తే బండి క్యాబిన్ నిశ్చలమైన గది కాదు. క్యాబిన్ వెనక గాలి ఒత్తిడి తగ్గి, బండి కిందా వెనకా ఉన్న గాలి సుడి తిరిగి ముందుకు లాక్కోబడుతుంది. ఎండిపోయిన డోర్ రబ్బరు, వెనక అద్దం బీడింగు, గేరు రాడ్డు చుట్టూ చిరిగిన రబ్బరు బూటు, ఫ్లోర్‌లో వైర్లు దూరే రంధ్రాలు, వీటిలో ఏ దారి దొరికితే ఆ దారిన అది లోపలికి వస్తుంది. బండి నిర్మాణాన్ని బట్టి కూడా దారులు మారతాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న బళ్ళలో ఇంజను సీటు కిందే ఉంటుంది. బొలెరో పికప్ లాంటి వాటిలో ఇంజను బానెట్ కింద, ట్యాంకు బాడీ కింద. ఒకే లీకు ఒక బండిలో నడుం దగ్గర, మరో బండిలో బ్లోయరు జాలీలోంచి తగులుతుంది.

వేళ సంగతి వేరు. ఒక్కో వేళ ఇంధనం ఒక్కో చోట ఉంటుంది కాబట్టి, వాసన వేళ తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది. బంకులో ట్యాంకు నింపించిన రోజే వాసన వచ్చి, సగానికి దిగాక పోతోందంటే లీకు ట్యాంకు పైభాగంలో ఉన్నట్టు. మూత వాషరు, నింపే గొట్టానికీ ట్యాంకుకీ మధ్య ఉండే రబ్బరు పైపు, ట్యాంకు నెత్తిన ఉండే ఫ్లోటు గాస్కెట్టు, ఈ మూడూ చూస్తే చాలు. బంకులో నాజిల్ దానంతటది ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించుకునే అలవాటు దీన్ని పెంచుతుంది. పెట్రోలు బండిలో అయితే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఆ అదనపు పెట్రోలుతో తడిసి, రోజుల తరబడి వాసన వదలొచ్చు. నడిచేటప్పుడు లేని వాసన సిగ్నల్ దగ్గర ఆగగానే వస్తోందంటే ఇంజను చుట్టూ చూడాలి. పరుగులో గాలి ఊడ్చుకుపోయే ఆవిరి, ఆగినప్పుడు వేడితో లేచి బ్లోయరు గుండా లోపలికి వస్తుంది. ఇంజక్టర్ల మీది సన్నటి రిటర్న్ పైపులు, ఫిల్టరు ఓ-రింగు, బోల్టుల కింది రాగి వాషర్లు అక్కడ మొదటి ముద్దాయిలు. కిటికీ దించి వేగంగా వెళ్తుంటే ఎక్కువవుతోందంటే, లీకుతో పాటు క్యాబిన్ కంతలు కూడా దోషులే. ఈ మూడో సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ కంతల్లోంచే సైలెన్సర్ పొగ కూడా రాగలదు, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు.

పొద్దున్నే స్టార్టు చేసే వేళ ఇంకో సాక్ష్యం ఇస్తుంది. పాత తరహా డీజిల్ బళ్ళలో ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్ పీల్పుతో వస్తుంది, పంపు దాటాక ఒత్తిడితో పోతుంది. పీల్పు వైపు పైపు చిట్లితే ఇంజను నడుస్తున్నంతసేపూ బయటి గాలే లోపలికి పోతుంది, డీజిల్ పెద్దగా కారదు. రాత్రి ఆపాక లైను ఖాళీ అవుతుంది. తెల్లారి సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు, ఎయిర్ పట్టిందని హ్యాండ్ పంపు కొట్టాల్సి వస్తుంది. కాబట్టి వాసనతో పాటు పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఉంటే పంపుకు ముందు వెతకాలి. స్టార్టింగ్ బాగుండి వాసన మాత్రమే ఉంటే పంపు తరవాత వెతకాలి. ట్యాంకులోనే పంపు ఉండే మోడళ్ళకు ఈ లెక్క వర్తించదు. ఇంజన్ ఆయిల్ కొలపుల్ల తీసి చూడటం కూడా మంచిదే. ఆయిల్ పెరిగి డీజిల్ వాసన కొడుతుంటే ఇంధనం లోపలి నుంచే ఆయిల్లోకి దిగుతోందన్నమాట. అలాంటప్పుడు బయట పైపులన్నీ తుడిచి వెతికినా లాభం లేదు.

వేళ చూపించిన చోటును కంటితో రుజువు చేసుకోవాలి. అనుమానమున్న జాయింట్లను శుభ్రంగా తుడిచి, ఆరాక మామూలు టాల్కమ్ పౌడర్ చల్లి, ఇంజను కాసేపు నడిపితే తడి ఎక్కడ మొదలైందో తెల్లటి పొడి మీద గీతలా తేలుతుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే చుక్క పడిన చోటు తెలుస్తుంది, అయితే ఛాసిస్ వెంబడి జారి దూరంగా పడే చుక్కలూ ఉంటాయి. పెట్రోలు బళ్ళకు ఈ అట్టముక్క పద్ధతి సరిగ్గా పనిచెయ్యదు. పెట్రోలు వెంటనే ఆవిరైపోయి ఒక మరకను మాత్రం మిగులుస్తుంది. ఏ బండికైనా టార్చిలైటే వాడాలి, అగ్గిపుల్ల, లైటరు దగ్గరికి రాకూడదు. కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ప్రవహిస్తుంది. నడుస్తున్న ఇంజన్లో ఆ గొట్టాలను వేలితో తడిమితే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

పాత బండికి ఈ తిప్పలు ఎందుకు ఎక్కువంటే, వయసు ఒక్కటే కారణం కాదు, కాలంతో పాటు ఇంధనమూ మారింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో 10కి తగ్గింది, అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌లోని మిగతా పదార్థాల పాళ్ళూ మారతాయి, వాటితో ఉబ్బి బిగువుగా ఉన్న పాత నైట్రైల్ రబ్బరు సీళ్ళు ముడుచుకోవచ్చు. 1993లో అమెరికాలో తక్కువ గంధకం డీజిల్ వచ్చినప్పుడు కొన్ని పాత బళ్ళ పంపులు ఇలాగే కారాయి. పెట్రోలు వైపు ఇదే కథ ఇథనాల్‌తో నడుస్తోంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడే కొన్ని పాత బళ్ళలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తరవాత కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది.

వేళ రాసుకుని వెతకాలనే ఈ సలహాకు వచ్చే మొదటి అభ్యంతరం, పాత బండికి వాసన మామూలేనని, డీజిల్ పెట్రోలులాగా అంటుకోదని. సగం నిజమే. పెట్రోలు ఆవిరి సున్నా డిగ్రీలకు ఎంతో దిగువనే అంటుకోగలదు. అయితే మన డీజిల్ ప్రమాణంలో అంటుకునే ఉష్ణోగ్రతకు పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలే, ఇంజను పక్కన వేడి దాన్ని ఎప్పుడో దాటుతుంది. లోడుతో ఎత్తు ఎక్కే బండి ఇంజను ఎగ్జాస్ట్ వందల డిగ్రీలుంటుంది, దాని మీద పడే సన్నటి ధారకు నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. రెండో అభ్యంతరం, ఎమిషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని. ఆ పరీక్ష కొలిచేది సైలెన్సర్ చివరి పొగను, పైపుల తడిని కాదు. మూడోది బలమైన వాదన: ఈ రాతకోతలన్నీ ఎందుకు, విడిభాగాలమ్మే జె.సి. రోడ్డుకెళ్ళి పైపుల సెట్టంతా తెచ్చి మార్చేస్తే పోలేదా? పదేళ్ళు దాటిన రబ్బరు పైపులను ఒక్కసారే మార్చడం మంచి పనే. కానీ దోషం ఫ్లోటు గాస్కెట్టులోనో రాగి వాషరులోనో ఉంటే కొత్త పైపులు దాన్ని సరిచెయ్యవు. విప్పిన చోట పాత వాషరునే మళ్ళీ బిగిస్తే కొత్త లీకు పుడుతుంది. ఇక నాలుగో ప్రశ్న: ముక్కు నిమిషాల్లో అలవాటు పడిపోతుంటే వేళ మాత్రం ఎలా నమ్మాలి? అందుకే వాసన ఎంతసేపుందన్నది కాదు, ఎప్పుడు మొదలైందన్నదే రాసుకోవాలి. అప్పుడే బయటి నుంచి వచ్చి ఎక్కిన క్లీనరు మాటకు డ్రైవరు మాటకంటే విలువివ్వాలి. బయటి గాలా, బండిదేనా అన్న సందేహం తీరాలంటే, చెరువుకీ జనరేటర్లకీ దూరంగా అద్దాలు బిగించి ఒక గంట ఆపి, తలుపు తీసిన క్షణాన చూస్తే చాలు.

రిపేరయ్యాక కూడా వేళే తీర్పు చెప్పాలి. ట్యాంకు నిండినప్పుడు వచ్చిన వాసనైతే ట్యాంకు నింపి, సిగ్నల్ దగ్గర వచ్చినదైతే వేడెక్కిన ఇంజనుతో ఆపి చూడాలి. ఈ పరీక్షకు ముందు ఫ్లోర్ మ్యాటు ఎత్తి కింది ఫెల్టును ముట్టుకోవాలి. సీటు వెనక పెట్టిన క్యానులోంచి ఎప్పుడో ఒలికిన డీజిల్ అందులో ఇంకితే లీకు మానాక కూడా వారాల తరబడి వాసన కొడుతుంది, చేసిన రిపేరు దండగైందనిపిస్తుంది. ఇన్ని వివరాలు ఓనరుకు తెలియకపోవడం సహజం. ఈ బళ్ళలో చాలావాటికి గ్యారేజీకి ఫోన్ చేసేవారు ఒకరు, రోజంతా స్టీరింగ్ ముందు కూర్చుని ఆ గాలి పీల్చేవారు మరొకరు. పెట్రోలులో ఉండే బెంజీన్‌నూ డీజిల్ పొగనూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది అసౌకర్యం సంగతి కాదు, పనిచేసే చోటి భద్రత సంగతి. మెకానిక్ ముందు నిలబడి మాట్లాడాల్సింది డ్రైవరే, ఓనరు చెయ్యాల్సింది ఆ మాటకు చోటివ్వడం. ఆ మాట వినకుండా మార్చిన ప్రతి పైపూ ఊహ మీద పెట్టిన ఖర్చే.